వార్డులో ఎర్రజెండా ఎవరి చేతిలో ఉంది?

2025 నవంబరు 4, మంగళవారం. సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో గెవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెమూ ప్యాసింజర్, లాల్‌ఖదాన్ దగ్గర ఆగి ఉన్న గూడ్సు బండిని వెనక నుంచి ఢీకొట్టింది. మెమూ ముందు పెట్టె గూడ్సు వ్యాగన్ మీదికి ఎక్కేసింది. లోకో పైలట్‌తో కలిపి కనీసం 11 మంది చనిపోయారు. గాయపడిన 20 మంది దాకా ప్రయాణికులను సిమ్స్‌కు, రైల్వే ఆసుపత్రికి, అపోలోకు తరలించారు. బిలాస్‌పూర్ తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు పట్టాల పనికీ షెడ్డు పనికీ వెళ్లి అక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. ఆ సాయంత్రం ఇక్కడి చుట్టాలు కూడా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు.

ఆ ప్రమాదం తర్వాత జరిగిన పని ఒకటి గమనించదగ్గది. ప్రయాణికులు చనిపోయిన ప్రమాదాల మీద రైల్వే భద్రతా కమిషనర్ విచారణ జరుపుతారు. ఆ కమిషనర్ రైల్వే శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. తన తప్పును తనే విచారించుకునే వీలు రైల్వేకు లేకుండా చేసిన ఏర్పాటు ఇది. లాల్‌ఖదాన్ విచారణలో ఏం తేలింది? మెమూ బండి ఎర్ర సిగ్నల్ దాటి వెళ్లిందన్నది ఒకటి. మెమూ నడపడానికి తప్పనిసరి అయిన మానసిక సామర్థ్య పరీక్షలో ఆ లోకో పైలట్ పాస్ కాలేదన్నది రెండోది. ఈ రెండో అంశం బయటికి రాగానే ప్రశ్న మారిపోయింది. సిగ్నల్ ఎందుకు దాటాడు అన్నది పక్కకు జరిగి, ఆ సీట్లో అతన్ని ఎవరు కూర్చోబెట్టారు అన్నది ముందుకొచ్చింది. చనిపోయిన డ్రైవరు మీద నింద మోపి ఫైలు మూసేయకుండా, విచారణ పై మెట్టు ఎక్కింది.

ఆసుపత్రిలో రోగి చనిపోతే ప్రశ్న ఇలా పైకి ఎక్కడం మన దేశంలో ఎప్పుడో గాని జరగదు. అది కింద మెట్టు మీదే, చాలాసార్లు తెల్ల యూనిఫాం దగ్గరే ఆగిపోతుంది. నర్సుల మనసులకు తగిలి మానని గాయానికి మూలం ఇక్కడే ఉందని నా వాదన.

ఇందుకు ఉదాహరణ వెతుక్కుంటూ దూరం వెళ్లక్కర్లేదు. అదే బిలాస్‌పూర్, మరో నవంబరు. 2014 నవంబరు 8న ఊరి శివార్లలోని పెండారీలో, వాడకంలో లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ల శిబిరం పెట్టింది. ఒక్క సర్జన్ కొన్ని గంటల వ్యవధిలో 83 మంది స్త్రీలకు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత రోజుల్లో 13 మంది చనిపోయారు. ఇన్‌ఫెక్షన్ వల్ల చనిపోయారా, ఆపరేషన్ తర్వాత ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రల్లో విషం కలిసిందా అన్న వాదం చాలాకాలం నడిచింది. అనితా ఝా ఏకసభ్య న్యాయ విచారణ సంఘాన్ని వేశారు. సర్జన్‌ను అరెస్టు చేశారు. అదే సంవత్సరం గణతంత్ర దినోత్సవాన, 50,000 కు.ని. ఆపరేషన్లు పూర్తి చేసినందుకు రాష్ట్ర ప్రభుత్వం సత్కరించింది కూడా ఆయన్నే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడాలి. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఒక సర్జన్ రోజుకు 30 ఆపరేషన్లకు మించి చేయకూడదు. ఆ 30 కూడా మూడు లాపరోస్కోపులు ఉంటేనే. ఒక స్త్రీకి వాడిన లాపరోస్కోపును మరో స్త్రీకి వాడే ముందు గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టాలి. పెండారీలో వాడింది ఒకే లాపరోస్కోప్ అని అప్పట్లో వార్తలొచ్చాయి. ఒక్క పరికరంతో 83 మందికి ఆపరేషన్ చేయాలంటే నానబెట్టడానికే 27 గంటలకు పైగా పడుతుంది. శిబిరం మాత్రం పూట గడవకముందే ముగిసింది.

ఈ లెక్క ఎవరికి తెలుస్తుంది? సర్జన్ చూపు ఆపరేషన్ మీద ఉంటుంది. అధికారి చూపు సంఖ్య మీద ఉంటుంది. పరికరం ద్రావణంలో ఎప్పుడు వేశారో, ఎప్పుడు తీశారో తెలిసేది ట్రే దగ్గర నిలబడ్డ మనిషికి. గ్లవ్స్ మారాయో లేదో తెలిసేదీ ఆమెకే. అక్కడితో అయిపోలేదు. ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి, పిల్లల తల్లులకు నచ్చజెప్పి, శిబిరానికి తోడుగా తీసుకొచ్చేది ఏఎన్ఎంలు, మితానిన్లు. మితానిన్లంటే మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్లే. ఆశా పథకం పుట్టకముందే, 2002లో, ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన కార్యక్రమం అది. కు.ని. టార్గెట్లను కేంద్రం 1996లోనే కాగితం మీద ఎత్తేసింది. ఏఎన్ఎంల నెలవారీ సమీక్షల్లో మాత్రం అవి బతికే ఉన్నాయి. “నాకేం కాదు కదా అక్కా” అని అడిగిన తల్లికి “ఏం కాదులే, నేనున్నాగా” అని ధైర్యం చెప్పడం ఆ ఉద్యోగంలో భాగం. ఆ మాట ఇచ్చిన మనిషి మర్నాటి నుంచి అదే వీధిలో, అదే ఇంటి ముందు నుంచి నడవాలి. విచారణ సంఘం సర్జన్ గురించి, మాత్రల గురించి ఆలోచిస్తుంది. ఆమె ఇచ్చిన మాట ఏమైందని అడిగే ఫారం ఏ కార్యాలయంలోనూ లేదు.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు బోస్టన్‌లో చికిత్స చేసిన మానసిక వైద్యుడు జోనథన్ షే 1994లో ఇలాంటి బాధకు ‘నైతిక గాయం’ అని పేరు పెట్టారు. భయం వల్ల మనసు దెబ్బతినడం ఒకటి. ప్రాణాల మీదికి వచ్చిన వేళ, మనల్ని నడిపించాల్సిన పైవాళ్లే ధర్మం తప్పితే తగిలే దెబ్బ వేరొకటి. 2009లో బ్రెట్ లిట్జ్ బృందం దాన్ని ఇంకాస్త విడమర్చి చెప్పింది. తప్పు తన చేత్తో చేయడం, జరుగుతుంటే ఆపలేకపోవడం, కళ్లారా చూస్తూ ఉండిపోవడం, ఈ మూడూ ఒకే గాయానికి దారులే అంది. వాళ్లు రాసింది సైనికుల గురించే. అంతకు ముందే, 1984లో, ఆండ్రూ జేమ్టన్ నర్సింగ్ గురించి రాస్తూ, ఏది సరైనదో తెలిసి కూడా సంస్థ కట్టుబాట్ల వల్ల అది చేయలేకపోయే స్థితిని నైతిక వేదన అన్నారు. పెండారీ శిబిరంలో ట్రే పట్టుకున్న చేతికి లిట్జ్ చెప్పిన ఆ మూడు దారులూ ఒక్క పూటలో ఎదురయ్యాయి.

మన ఆరోగ్య శాఖలు దీన్ని ‘స్ట్రెస్’ అనేసి యోగా తరగతులు పెడతాయి. నర్సుల దినోత్సవాన శాలువా కప్పుతాయి. నాకు ఈ తీరు మీద తీవ్రమైన అభ్యంతరం ఉంది. అలసటకు సెలవు మందు కావచ్చు. మనస్సాక్షికి తగిలిన దెబ్బ సెలవు తీసుకుంటే పోదు. నిద్ర పట్టని నర్సును ఓర్పు పెంచుకోమనడమంటే జబ్బు ఆమెలోనే ఉందని చెప్పడమే.

మరి ఆమె అప్పుడే ఎందుకు నోరు విప్పలేదు? ఇది న్యాయమైన ప్రశ్నే. దానికి 1966లో అమెరికాలో చార్లెస్ హాఫ్లింగ్ చేసిన ప్రయోగం కొంత జవాబు చెబుతుంది. ముక్కూమొహం తెలియని ఒక ‘డాక్టర్’ రాత్రి డ్యూటీలో ఉన్న 22 మంది నర్సులకు ఫోన్ చేసి, ఒక మందు 20 మిల్లీగ్రాములు రోగికి ఇమ్మన్నాడు. సీసా మీద 10 మిల్లీగ్రాములు మించకూడదని స్పష్టంగా రాసి ఉంది. ఫోన్లో మందు ఆర్డరు తీసుకోవడం ఆ ఆసుపత్రి నిబంధనలకే విరుద్ధం. అయినా 22 మందిలో 21 మంది మందు తీసుకుని రోగి గది వైపు నడిచారు. మధ్యలో ఆపేశారు కాబట్టి సరిపోయింది. ఇదే పరిస్థితిని వేరే నర్సులకు మాటల్లో వివరించి మీరేం చేస్తారని అడిగితే, 12 మందిలో 10 మంది తాము ఇవ్వబోమన్నారు. చదువులో నేర్చిన ధర్మానికీ వార్డులో కదిలే కాళ్లకూ మధ్య అంత దూరం ఉంది. ఆ దూరం పేరు అధికారం.

ఈ కథ ఇక్కడితో ఆపితే నర్సులకు అన్యాయం చేసినట్టే. 1977లో రాంక్, జాకబ్సన్ అనే పరిశోధకులు దాదాపు ఇదే ప్రయోగం మళ్లీ చేశారు. ఈసారి మందు నర్సులకు బాగా తెలిసినది. పక్కనున్న సహోద్యోగిని అడిగి చూసుకునే వీలు కూడా ఇచ్చారు. 18 మందిలో 16 మంది ఆ మోతాదు ఇవ్వలేదు. మనుషుల్లో ధైర్యం పదకొండేళ్లలో హఠాత్తుగా పెరిగిపోదు. తెలిసిన మందు, సంప్రదించడానికి పక్కన ఒక తోడు, ఈ రెండూ ఉంటే చాలు, మామూలు నర్సు కాదనగలదు. రాత్రి షిఫ్టులో వార్డుకు ఒక్క సిస్టర్‌నే వేసినప్పుడు మనం తగ్గించేది జీతాల ఖర్చొక్కటే అనుకుంటాం. కాదనగల శక్తిని కూడా అక్కడే తీసేస్తున్నాం.

సిబ్బంది సంఖ్య గురించి చాలామంది చాలాసార్లు రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్కన బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒకరు, మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. మన పెద్దాసుపత్రి జనరల్ వార్డులో ఒక రాత్రి గడిపిన ఎవరికైనా వాస్తవమేమిటో చెప్పనక్కర్లేదు. ముప్పై, నలభై మంచాల మధ్య ఒక్కరు తిరుగుతున్నప్పుడు ఆమె ప్రతి నిమిషం ఒక తీర్పు ఇస్తూనే ఉంటుంది. ఇద్దరు పిలుస్తుంటే ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలి? వెళ్లని మంచం మీద ఏదైనా జరిగితే ఆ తీర్పు ఆమెతో ఇంటికి వస్తుంది. ఆ తీర్పు ఇవ్వాల్సిన స్థితికి ఆమెను తెచ్చిన ఖాళీల భర్తీ ఫైలు మాత్రం సచివాలయంలో హాయిగా ఉంటుంది.

తెలుగునాట ఈ వృత్తి పుట్టుక కూడా మాట పెగలకపోవడానికి ఒక కారణం. తొలి తరాల నర్సుల్లో ఎక్కువమంది మిషన్ ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన క్రైస్తవ స్త్రీలు, ఎక్కువగా అణగారిన కులాల నుంచి వచ్చినవాళ్లు. పరాయివాళ్ల మలమూత్రాలు ముట్టుకునే పని కాబట్టి సమాజం దాన్ని చిన్నచూపు చూసింది. స్త్రీ, కింది కులం, కింది ఉద్యోగం, మూడూ ఒక్క మనిషిలో కలిశాక ‘డాక్టరు గారూ, ఇది తప్పు’ అనే వాక్యం ఆమె నోట రావడానికి ఎంత బలం కావాలి! మన నర్సింగ్ విద్యార్థినులు దీపం పట్టుకుని చదివే నైటింగేల్ ప్రతిజ్ఞ 1893లో డెట్రాయిట్‌లో రాసింది. వైద్యుడికి విధేయంగా తోడ్పడతాననే మాట అందులో ఉంది. వైద్యుడు తప్పు చేస్తుంటే ఏం చేయాలో అందులో లేదు.

ఇక అందరూ పక్కకు నెట్టే సంగతి. నర్సులు రోగులను తిట్టడం, ప్రసవ వేదనలో ఉన్న పేద తల్లి మీద చేయి చేసుకోవడం, డబ్బులు అడగడం మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉన్నాయి. లేవని బుకాయించే నర్సుల సంఘాలు తమ వాదాన్ని తామే బలహీనపరుచుకుంటున్నాయి. గాయపడ్డ మనస్సాక్షి ఏడుపుగానే బయటికి రావాలని లేదు. కొందరిలో అది మొద్దుబారి, రోగిని మనిషిగా చూడడం మానేస్తుంది, ఎందుకంటే మనిషిగా చూస్తే రోజు గడవదు. దెబ్బ తిన్న తల్లికి ఈ వివరణతో పనిలేదు. ఆమెకు న్యాయం జరగాల్సిందే, చేయి చేసుకున్న సిస్టర్ మీద చర్య ఉండాల్సిందే. అయితే ఆ చర్యతో పాటు ఆ ప్రసూతి వార్డులో ఆ రాత్రి ఎన్ని ప్రసవాలు, ఎందరు సిబ్బంది, ఎన్ని గంటల డ్యూటీ అన్నది కూడా కాగితం మీదికి రావాలి. రానంతకాలం ఒకరిని తీసి ఇంకొకరిని అదే చోట పెడుతుంటాం, ఆమే కొన్నేళ్లకు అలాగే తయారవుతుంది.

నోరు విప్పినవాళ్లకు ఏమైందో నర్సులందరికీ తెలుసు. 2020 ఏప్రిల్లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తుమందు డాక్టర్ సుధాకర్ ఎన్95 మాస్కులు లేవన్నారు. సస్పెండ్ చేశారు. మరుసటి నెల విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు కట్టిన దృశ్యం దేశమంతా చూసింది. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో పోయారు. ఒక డాక్టరుకే ఇలా జరిగితే, అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా జీతం తీసుకునే స్టాఫ్ నర్సు ఏ ధైర్యంతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తుంది? ఛత్తీస్‌గఢ్‌లో 2018 మేలో గ్రేడ్ పే పెంచాలని ప్రభుత్వ నర్సులు సమ్మెకు దిగితే ఎస్మా ప్రయోగించి వందల మందిని అరెస్టు చేసి జైలుకు పంపారు. ఇతర దేశాల్లోనూ అంతా సవ్యంగా లేదు. అమెరికాలోని టెక్సస్‌లో 2009లో ఒక డాక్టరు చికిత్స తీరు మీద వైద్య బోర్డుకు రాసినందుకు ఇద్దరు నర్సుల మీద క్రిమినల్ కేసే పెట్టారు. వారిలో ఆన్ మిచెల్‌ను మరుసటి ఏడాది జ్యూరీ నిర్దోషిగా విడుదల చేసింది. ఇంగ్లండ్‌లోని మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో హెలీన్ డానెలీ అనే నర్సు సుమారు వంద ఫిర్యాదులు రాశారు. వాటిలో నిజముందని 2013లో ఫ్రాన్సిస్ విచారణ నివేదిక దేశానికి చెప్పింది. ఆ తర్వాత అక్కడి ప్రతి ఆసుపత్రి ట్రస్టులోనూ సిబ్బంది తమ ఆందోళన నిర్భయంగా చెప్పుకోవడానికి ప్రత్యేకంగా ఒక అధికారిని పెట్టారు.

పెండారీ నుంచి మనం ఏం నేర్చుకున్నాం? 2016 సెప్టెంబరు 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలో కు.ని. శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పాలని, టార్గెట్లు పెట్టవద్దని చెప్పింది. ఆ గడువు 2019లో ముగిసింది. 2022 ఆగస్టు 25న హైదరాబాద్ పొరుగునే ఉన్న ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు కు.ని. ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. తెలంగాణ ప్రభుత్వం 13 మందిపై చర్య తీసుకుంది. వారిలో జిల్లా అధికారులూ ఉన్నారు, హెడ్ నర్సూ, కింది స్థాయి సూపర్‌వైజర్లూ ఉన్నారు. శిక్షలు పడడం తప్పనను. కానీ విచారించింది ఆ శాఖ ఉన్నతాధికారులే. ఒకే రోజు అంతమందిని బల్ల మీద పడుకోబెట్టమన్న ఒత్తిడి ఏ సమీక్షా సమావేశంలో పుట్టిందన్న ప్రశ్నను శాఖ తనకు తానే వేసుకోదు. రైల్వేకు బయటి కమిషనర్ ఎందుకున్నాడో ఇక్కడ అర్థమవుతుంది.

రైల్వేలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. పట్టాల వెంట నడిచే కీమ్యాన్ ఆ శాఖలో అతి చిన్న ఉద్యోగుల్లో ఒకడు. పట్టా విరిగిందని అతను చూస్తే ఎర్రజెండా ఊపి ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్‌నైనా ఆపేస్తాడు. ఎవరి అనుమతీ అడగడు. బండి ఆలస్యమైందని అతనికి మెమో ఇవ్వరు. ఆపకపోతేనే ఇస్తారు. నర్సు చేతికి కావలసింది ఇదే. ఇది ఊహాలోకపు కోరిక కూడా కాదు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన 19 అంశాల ఆపరేషన్ భద్రతా జాబితాను సాధారణంగా నర్సే పైకి చదవాలి. జవాబు రానిదే కత్తి కదలకూడదు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించి చూస్తే ఆపరేషన్ మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ కాగితం ఇవాళ మన ఆసుపత్రుల కేస్ షీట్లలోనూ ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా టిక్కులు పెట్టుకునే చోట అది ఉత్త కాగితమే.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. నైతికతకూ రిజిస్ట్రేషన్‌కూ అందులో ఒక బోర్డు పెట్టారు. తప్పు చేసిన నర్సును ఆ బోర్డు పట్టుకోగలదు. తప్పును ఎత్తిచూపిన నర్సును కాపాడే ఏర్పాటు అందులో లేదు. ప్రజావేగులకు రక్షణ కల్పిస్తూ 2014లో పార్లమెంటు ఆమోదించిన చట్టాన్ని ఇప్పటిదాకా అమల్లోకే తేలేదు. ఈ రెండూ ఢిల్లీ చేతిలో ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఢిల్లీ కోసం ఆగకుండా చేయగలిగినవి కూడా ఉన్నాయి. నిబంధనలు పాటించని శిబిరంలో, థియేటర్లో పనిని నిలిపివేసే అధికారం స్టాఫ్ నర్సుకు ఉందని, అలా ఆపినందుకు మెమో ఇవ్వరాదని ఒక జీవో చాలు. ఆసుపత్రుల్లో అనుమానాస్పద మరణాలను ఆరోగ్య శాఖతో సంబంధం లేని సంస్థ విచారించాలని ఇంకో జీవో చాలు. ప్రతి షిఫ్టులో వార్డుకు ఎందరు రోగులు, ఎందరు నర్సులు ఉన్నారో తలుపు దగ్గర బోర్డు మీద రాయించడానికి జీవో కూడా అక్కర్లేదు, సూపరింటెండెంట్ తలుచుకుంటే సరిపోతుంది.

పాఠకులకు ఒక విన్నపం. మీవాళ్లు ఆసుపత్రిలో ఉన్నప్పుడు పిలిచినా సిస్టర్ రాలేదని కోపం రావడం సహజం. ఆమె మీద కేకలేసే ముందు ఆ షిఫ్టులో ఎందరు డ్యూటీలో ఉన్నారో సూపరింటెండెంట్‌ను రాతపూర్వకంగా అడగండి. జవాబు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి.